తల్లిభాషలో ప్రార్థన

అర్థం తెలియని భాషలో చేసిన ప్రార్థన దేవునికి అందవచ్చును. చేసినవాని మనసుకు అందునా? రెండువందల యేండ్ల క్రితమే జర్మను దేశంలో ఈ చింత పట్టిన కాథలిక్ గురువు ఇగ్నాజ్ ఫాన్ వెస్సెన్‌బర్గ్.

1774లో డ్రెస్డెన్‌లో పుట్టిన ఈయన 1802 నుండి కాన్‌స్టంజ్ బిషప్ గారి తరఫున అక్కడి మతపాలన చూచినారు. 1812లో గురుపట్టం పొందినారు. నాడు పూజ లాటినులో జరిగేది. ఈయన జర్మను పాటలు, ప్రార్థనలు గుడిలోకి తెచ్చినారు. గురువులకు మంచి చదువు ఉండాలని పట్టుబట్టినారు.

1817లో బిషప్ గారు మరణించగా, అక్కడి పెద్దలు మతపాలనకు ఈయననే ఎన్నుకొన్నారు. పోపు గారు ఒప్పుకొనలేదు. ఈయన స్వయంగా రోముకు వెళ్ళినారు గాని, తన అభిప్రాయాలు విడువ ఇష్టపడక వట్టిచేతులతో తిరిగివచ్చినారు. 1821లో ఆ బిషప్ పీఠమే రద్దయినది. 1827లో పదవి విడిచినారు. 1833 వరకు బాడెన్ రాజ్యపు ఎగువసభలో ఉదారవాదిగా మాట్లాడినారు. 1855లో దిక్కులేని బాలికలకు ఆశ్రయం స్థాపించి, 1860లో కన్నుమూసినారు.

1962-65 నాటి వాటికన్ మహాసభ పూజలో ప్రజల భాషలకు అనుమతి ఇచ్చినది. గుమాస్తా వ్రాసిన మంచి నోటుపై ఆయన రిటైరైన తరువాత సంతకం పడటం మనమెరుగుదుము. వెస్సెన్‌బర్గ్ గారి నోటుకు నూరేండ్లకు పైగా పట్టినది.