చేపల తొట్టి కింద ఏముంది?

మా మద్రసాకు వచ్చే తల్లిదండ్రులు పిల్లల చదువుతో పాటు ఇంటి సంగతులు కూడా అడుగుతుంటారు. ఇంట్లో అక్వేరియం పెట్టుకోవచ్చునా అన్నది వాటిలో ఒకటి. హజ్రత్ అనస్ (ర) గారి చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక పిట్టను పెంచుకున్న విషయం హదీసు గ్రంథాలలో ఉంది. మేతకు, నీటికి, శుభ్రతకు లోటు చేయకుండా ప్రాణులను పెంచుకోవచ్చునని దాని ఆధారంగా అనేకమంది ఉలమా అభిప్రాయపడ్డారు. ఈ జవాబు వినగానే వారు సంతోషంగా లేచి వెళ్ళిపోతారు. ఆ తొట్టిని దేనిపై నిలపాలి అన్న ప్రశ్న మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నా ఇంట్లో నష్టం జరిగేదాకా నేనూ అడగలేదు.

నాలుగేళ్ళ క్రితం మా అబ్బాయి రెండడుగుల గాజు తొట్టి ఒకటి నిజామాబాద్‌లోని మా ఇంటికి తెచ్చాడు. టి.వి. గోడకెక్కినందున ఖాళీగా పడివున్న పాత స్టాండుపై దాన్ని పెట్టాము. ఆ స్టాండు చూపుకు చెక్కలాగే ఉండేది. నిజానికి అది చెక్కపొట్టును జిగురుతో అదిమి, పైన నిగనిగలాడే కాగితం అంటించిన పార్టికల్ బోర్డు. నీరు మార్చినప్పుడల్లా అంచున నాలుగు చుక్కలు పడేవి. ఆరు నెలలకు ఆ అంచు నానిన రొట్టెలా ఉబ్బింది, నడిమి భాగం వేలెడు కుంగింది. మేము గమనించలేదు. ఒక రాత్రి ఇషా నమాజు ముగించుకొని వచ్చేసరికి తొట్టి మూల పగిలి హాలంతా నీరు. నేలమీద ఎక్స్‌టెన్షన్ బోర్డు ఆ నీటిలోనే ఉంది. మా కోడలు ముందుగా మెయిన్ స్విచ్ ఆపి, ఆ తరువాతే గదిలో అడుగుపెట్టింది. చేపలు మూడూ పోయాయి. అయితే ఏడాదిన్నర మనవడు ఆ సాయంత్రమే ఆ స్టాండు అంచు పట్టుకొని లేచి నిలబడ్డాడని ఆమె చెప్పినప్పుడు నాకు కాళ్ళలో సత్తువ పోయింది.

తరువాత బోధన్ వెళ్ళినప్పుడు మా బంధువుల పొరుగున ఉండే ఒక పెద్దాయనకు ఈ సంగతి చెప్పాను. 1937లో స్థాపితమై, ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదిగా పేరొంది, 2015 డిసెంబరులో మూతపడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీలో ఆయన ఫిట్టర్‌గా పనిచేశారు. యంత్రాల కింద, ట్యాంకుల కింద ఇనుప ఊతాలు నిలపడమే ఆయన వృత్తి. ఆయన నవ్వి, “మౌలానా సాబ్, మీరు నీళ్ళను చూశారు, బరువును చూడలేదు” అన్నారు.

ఆయన లెక్క చాలా సులభం. లీటరు నీరు ఒక కిలో. ఒక ఘనపు అడుగులో సుమారు 28 లీటర్లు పడతాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టి గాజు, గులకరాళ్ళతో కలిపి 70 కిలోలకు చేరుతుంది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అయితే దాదాపు 230 కిలోలు. “అంటే నాలుగున్నర చక్కెర బస్తాలు! వాటిని టి.వి. బల్లపై పేర్చి, పక్కన మనవడిని ఆడుకోమంటారా?” అని అడిగారు. నా వద్ద సమాధానం లేదు.

గాజు బరువును మోస్తుంది గాని వంగదు. కింది బల్ల ఒక మూల కుంగినా, మెలిక పడినా ఆ ఒత్తిడంతా ఒక అంచుపైకో, సిలికాన్ అతుకుపైకో చేరుతుంది. అది ఆ రోజే పగలకపోవచ్చు. మా ఇంట్లో ఆరు నెలలు ఆగింది.

ఆయన సలహాపై ఈసారి వెల్డింగ్ షాపులో అంగుళంన్నర ఇనుప యాంగిల్‌తో స్టాండు చేయించాను. పై చట్రం తొట్టి అడుగంత ఉండాలి, తొట్టి అంచు బయటికి పొడుచుకు రాకూడదు. నాలుగు కాళ్ళు ఉంటే చాలదు. వెనుకవైపు ఒక ఏటవాలు పట్టీ వేయకపోతే పక్కకు నెట్టినప్పుడు స్టాండు ఊగుతుంది. మావాడు తెచ్చిన మొదటి నమూనాలో ఈ పట్టీయే లేదు. “అందం పోతుంది” అన్నాడట వెల్డరు! కాళ్ళ కింద నాలుగంగుళాల ఇనుప పలకలు, వాటి కింద రబ్బరు వేస్తే టైల్స్ పగలవు. తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూయాలి. చట్రంపై ముప్పావు అంగుళం వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, దానిపై అరంగుళం థర్మోకోల్ షీటు పరవాలి. థర్మోకోల్ చిన్న గరుకును సర్దుతుంది, వంకర బల్లను సరిచేయదు. అడుగున ప్లాస్టిక్ చట్రం ఉన్న తొట్లకు అది సాధారణంగా అవసరం లేదు.

మన ప్రాంతంలో చాలామంది ఇటుక గోడలపై కడప బండ వేసి ఊరుకుంటారు. మంచిదే. కాని రాయి ముందుగా వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా విరుగుతుంది. మూడడుగుల తొట్టికి రెండు చివర్ల గోడలతో సరిపెట్టక నడుమ మూడో గోడ లేపాలి. పాత దూలాల మిద్దెలపై పెద్ద తొట్టి అసలు వద్దు. స్లాబు ఇల్లయినా మేడపై గది మధ్యలో గాక గోడను ఆనుకొని పెట్టాలి.

తాపీమేస్త్రీ వాడే రసమట్టంతో నాలుగు వైపులా చూడాలి. తేడా ఉంటే పలుచని రేకును స్టాండు కాలి కిందే దూర్చాలి, తొట్టి కింద కాదు. పసిపిల్లలున్న ఇంట్లో స్టాండును గోడకు క్లాంపుతో బిగించాలి, తొట్టి మూతపై బొమ్మలు పెట్టరాదు. పిల్లవాడు వాటికోసమే ఎక్కుతాడు. ఇక తీగ సాకెట్ కన్నా కిందికి వేలాడి మళ్ళీ పైకెక్కాలి. దాని వెంట జారే చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. నీటిలో చేయి పెట్టేముందు ప్లగ్ తీయాలి.

స్టాండు వచ్చిన రోజున ఆ పెద్దాయన స్వయంగా నిజామాబాద్ వచ్చారు. రెండు చేతులతో పట్టుకొని తన బరువంతా వేసి నాలుగు వైపులా ఊపి చూశారు. మూడో వంతు నీరు పోయించి మళ్ళీ మట్టం చూశారు. పూర్తిగా నింపాక రెండు రోజులు చేపలు తేవద్దన్నారు. మనవడు ఆ రెండు రోజులూ ఖాళీ నీటిని చూస్తూ చేపలేవని అడుగుతూనే ఉన్నాడు.