గుహ వాకిట ఆగిపోయే జి.పి.ఎస్.

దాచిన డబ్బాను అక్షాంశ రేఖాంశాల సాయంతో వెదకే ఆటే జియోకాషింగ్. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం జి.పి.ఎస్. సంకేతాలలో కావాలని కలుపుతున్న దోషాన్ని ఆపివేసింది. మర్నాడే ఆరెగాన్ రాష్ట్రంలో తొలి డబ్బాను దాచారు.

ఆ రాష్ట్రంలోని ఎత్తైన ఎడారిలో లావా గుహలున్నాయి. పారే లావా పైన గడ్డకట్టి, లోపలిది జారిపోగా ఏర్పడిన సొరంగాలివి. వీటికి బయలుదేరేముందు ఏమి ఆలోచించాలి?

సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తునుంచి వచ్చే ఉపగ్రహ సంకేతాలు బలహీనమైనవి, రాతిని దాటలేవు. కనుక జి.పి.ఎస్. గుహ వాకిలివరకే దారి చూపుతుంది. పోనీ, దిక్సూచి? లావారాతిలోని ఇనుప ఖనిజం దాని ముల్లునూ తప్పుదారి పట్టించవచ్చు! అందుచేత గుహ పటం, తలకు మూడేసి దీపాలు ఉండాలి. బయట ఎండ మండినా లావా రివర్ గుహలో సుమారు 6 డిగ్రీల సెల్సియస్ చలి. ఉన్ని దుస్తులు తప్పవు.

తిరిగివచ్చే వేళ ఇంట్లో చెప్పి వెళ్లాలి. వెదకవలసింది డబ్బాను గాని, మిమ్మల్ని కాదు గదా!