బిజినెస్ స్కూల్ లక్ష్యాలు సరే.. లెక్కలు అడిగారా?

అప్పా జంక్షన్ దాటిన చేవెళ్ల బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే రెండు రకాలవి కనిపిస్తాయి. ఒకటి, రోడ్డుకు అటూ ఇటూ ఉన్న పాత మర్రిచెట్లు. రెండోది, కాలేజీల హోర్డింగులు. అజీజ్‌నగర్‌లో కేఎల్ డీమ్డ్ యూనివర్సిటీ క్యాంపస్, వీజేఐటీ ఉన్నాయి. మొయినాబాద్ మండలంలోనే జేబీఐఈటీ ఉంది. శంకర్‌పల్లి రోడ్డు మీదికి వెళ్తే దొంతనపల్లిలో ఇక్ఫాయ్ వాళ్ల ఐబీఎస్ హైదరాబాద్. ఒక్క చేవెళ్ల నియోజకవర్గంలోనే ఇన్ని చోట్ల చదువుకోవచ్చు. డిగ్రీనో బీటెక్కో చేతిలో పెట్టుకుని ‘ఎంబీఏ చేద్దామా’ అనుకుంటున్నవాళ్లు ఈ రోడ్డు మీద ఒక్కసారైనా తిరిగే ఉంటారు.

ఏ బిజినెస్ స్కూల్ బ్రోచర్ తెరిచినా మొదటి పేజీల్లో విజన్, మిషన్, ఐదేళ్ల వ్యూహాత్మక లక్ష్యాలు ఉంటాయి. ప్రపంచస్థాయి పరిశోధన, పరిశ్రమతో అనుబంధం, సమాజంపై ప్రభావం.. ఇలా. కాలేజీ పేరు చెరిపేసి చదివితే ఏది ఎవరిదో చెప్పడం కష్టం. అందుకే చాలామంది ఆ పేజీ తిప్పేసి నేరుగా ‘హయ్యెస్ట్ ప్యాకేజీ’ దగ్గర ఆగుతారు. నన్నడిగితే తిప్పేయకూడని పేజీ అదే. కాకపోతే దాన్ని చదివే పద్ధతి వేరు.

నేను యాప్‌లు, ఫోన్ల గురించి రాసుకునే మనిషిని. మా దగ్గర రోడ్‌మ్యాప్ అని ఒకటి, చేంజ్‌లాగ్ అని ఇంకొకటి ఉంటాయి. ముందు ముందు ఏమిస్తామో చెప్పేది రోడ్‌మ్యాప్. ఇచ్చిన వెర్షన్‌లో నిజంగా ఏం మారిందో రాసేది చేంజ్‌లాగ్. ఫోన్ కొనేవాడు రోడ్‌మ్యాప్ చూసి డబ్బు కట్టడు కదా! కాలేజీ ఇచ్చే లక్ష్యాల పేజీ రోడ్‌మ్యాప్. దాని చేంజ్‌లాగ్ మనమే వెతుక్కోవాలి.

ఇదే మండలంలోని చిలుకూరు బాలాజీ గుడిలో లెక్క ఇంతకన్నా సూటిగా ఉంటుంది. కోరిక కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక వచ్చి 108. కాలేజీల విషయంలో 11 మాత్రమే కనబడతాయి. 108 చేశారో లేదో అడిగేవాళ్లు తక్కువ.

దొంతనపల్లి దాకా

మన రోడ్డు మీదున్న ఉదాహరణే తీసుకుందాం. ఎన్.జె.యశస్వి 1984లో హైదరాబాద్‌లో ఇక్ఫాయ్‌ని స్థాపించారు. ఐబీఎస్ హైదరాబాద్ 1995లో మొదలైంది. 2008లో ఇక్ఫాయ్ ఫౌండేషన్ ఫర్ హయ్యర్ ఎడ్యుకేషన్‌కు యూజీసీ చట్టం కింద డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది. ఐబీఎస్ ఇప్పుడు అందులో భాగం. తర్వాత అమెరికా సంస్థ ఏఏసీఎస్‌బీ నుంచి అక్రెడిటేషన్ తెచ్చుకుంది. ఈ స్కూల్ వాళ్లు తయారుచేసే కేస్ స్టడీలు ‘ది కేస్ సెంటర్’ ద్వారా బయటి దేశాల బిజినెస్ స్కూళ్లకూ వెళ్తాయి.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. వీటిలో ముఖ్యమైన ప్రతి మెట్టుకూ బయటి సాక్షి ఉన్నాడు. హోదా ఇచ్చింది ప్రభుత్వం, గుర్తింపు ఇచ్చింది విదేశీ సంస్థ, కేసులు తీసుకుంటున్నది వేరే స్కూళ్లు. ‘పరిశోధనలో ముందుంటాం’ అన్న వాక్యానికీ ‘మా కేసు ఫలానా చోట వాడుతున్నారు’ అన్న వాక్యానికీ తేడా అదే. ఏ స్కూల్ లక్ష్యాలు చదివినా ఈ చిన్న పరీక్ష పెట్టండి: ఇది జరిగిందని కాలేజీ కాకుండా ఇంకెవరు చెబుతున్నారు?

అయితే స్కూలు ప్రగతి వేరు, ఆ స్కూల్లో మీ సీటు విలువ వేరు. మొదటిది బాగున్నంత మాత్రాన రెండోది దానంతటదే బాగుండదు. దానికి వేరే లెక్కలు చూడాలి.

అక్రెడిటేషన్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. ఏఏసీఎస్‌బీ 1916లో అమెరికాలో పుట్టింది. దాని ప్రమాణాల్లో మొట్టమొదటిదే వ్యూహాత్మక ప్రణాళిక. లక్ష్యం రాసుకున్నావు సరే, దాన్ని ఎలా కొలుస్తున్నావు, ఎప్పుడెప్పుడు సరిచూసుకుంటున్నావు అని అడుగుతుంది. ఒకసారి గుర్తింపు ఇచ్చి ఊరుకోదు, కొన్నేళ్లకోసారి మళ్లీ వచ్చి చూస్తుంది. బాగానే ఉంది. కానీ ఏఏసీఎస్‌బీలో ‘మెంబర్’ కావడం వేరు, ‘అక్రెడిటెడ్’ కావడం వేరు. సభ్యత్వ రుసుము కట్టి చేరిన స్కూలు కూడా లోగో పెట్టుకోవచ్చు, హోర్డింగు మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఏఏసీఎస్‌బీ సొంత సైట్‌లో అక్రెడిటెడ్ స్కూళ్ల జాబితా ఉంది. పేరు కొడితే నిమిషంలో తేలిపోతుంది.

న్యాక్ గ్రేడు మొత్తం సంస్థకు ఇచ్చేది. ఎన్‌బీఏ ఒక్కో ప్రోగ్రామ్‌కు ఇచ్చేది. బీటెక్ సీఎస్ఈకి ఎన్‌బీఏ ఉంటే పక్క బ్లాకులోని ఎంబీఏకి ఉన్నట్టు కాదు. ఇంజినీరింగ్ కాలేజీలో నడిచే ఎంబీఏ విభాగానికి వెళ్తుంటే ఇది తప్పకుండా అడగండి.

ర్యాంకే లక్ష్యమైతే..

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో టెంపుల్ యూనివర్సిటీ ఉంది. దాని ఫాక్స్ బిజినెస్ స్కూల్ నడిపే ఆన్‌లైన్ ఎంబీఏ 2015 నుంచి వరుసగా నాలుగేళ్లు యూఎస్ న్యూస్ ర్యాంకుల్లో మొదటి స్థానంలో ఉంది. 2018 జనవరిలో అసలు సంగతి బయటపడింది. చేరినవాళ్లంతా జీమ్యాట్ స్కోరు ఇచ్చారని స్కూలు చూపింది. నిజంగా ఇచ్చింది ఐదో వంతు మందే. ర్యాంకు తీసేశారు. అప్పటి డీన్ పదవి పోయింది. 2021లో కోర్టు దోషిగా తేల్చింది, 2022లో 14 నెలల జైలు శిక్ష పడింది. ఇదంతా జరిగింది ఏఏసీఎస్‌బీ గుర్తింపు ఉన్న స్కూల్లోనే. ర్యాంకు చూసి అప్పు చేసి చేరినవాళ్ల మాటేమిటని ఒక్కసారి ఆలోచించండి.

కాబట్టి ర్యాంకు కన్నా ఆ ర్యాంకు కోసం కాలేజీ ఇచ్చిన డేటా మనకు ముఖ్యం. మన దేశంలో దీనికి మంచి వీలుంది. కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి ఇస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్ కోసం కాలేజీలు సమర్పించిన వివరాలను తమ సొంత సైట్‌లో పెట్టాలి. ఆ పీడీఎఫ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది నిర్ణీత సమయంలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం ఎంత.. అన్నీ సంవత్సరాల వారీగా ఉంటాయి. ప్యాకేజీ పోస్టర్ కన్నా ఈ పీడీఎఫ్ చూడ్డానికి అందంగా ఉండదు, అంతే.

ఒక జాగ్రత్త. ఒకే యూనివర్సిటీకి ‘ఓవరాల్’, ‘ఇంజినీరింగ్’, ‘మేనేజ్‌మెంట్’ అని వేర్వేరు పీడీఎఫ్‌లు ఉండొచ్చు. ఓవరాల్‌లో రెండేళ్ల పీజీ అన్న వరుసలో ఎంటెక్, ఎంబీఏ అన్నీ కలిసిపోతాయి. మీకు కావాల్సింది మేనేజ్‌మెంట్‌ది.

మీడియన్ ఎందుకంటున్నానో ఒక ఊహా లెక్కతో చూడండి. ఒక బ్యాచ్‌లో 16 మంది ఉన్నారు. అందులో ఆరుగురు ప్లేస్‌మెంట్‌కు ‘అర్హులు కారు’ లేదా ‘తప్పుకున్నారు’ అని పక్కన పెట్టారు. మిగిలిన పదిమందికీ ఉద్యోగాలొచ్చాయి. ఎనిమిది మందికి 5 లక్షలు, ఒకరికి 8, ఒకరికి 32. పోస్టర్ మీద ఏం పడుతుంది? వంద శాతం ప్లేస్‌మెంట్, యావరేజ్ 8 లక్షలు, హయ్యెస్ట్ 32. ఒక్క ముక్కా అబద్ధం కాదు! కానీ మీడియన్ 5 లక్షలు. చేరిన 16 మందిలో ఉద్యోగం దొరికింది పదిమందికి, అంటే 62.5 శాతం.

ఇప్పుడు అప్పు లెక్క. 10 లక్షల విద్యారుణం, 11 శాతం వడ్డీ, ఏడేళ్లు అనుకుంటే నెల కిస్తీ రూ.17,100 దాకా వస్తుంది. చదువుకునే రెండేళ్ల వడ్డీ కలిస్తే ఇంకా పెరుగుతుంది. 5 లక్షల ప్యాకేజీలో చేతికొచ్చేది నెలకు 40 వేల లోపే. హైదరాబాద్‌లో రూమ్ అద్దె, మెస్, ఇంటికి పంపేది మీరే వేసుకోండి. యావరేజ్ చూసి సంతకం పెట్టినవాడికీ మీడియన్ చూసి పెట్టినవాడికీ ఈ కిస్తీ వేర్వేరుగా కనిపిస్తుంది.

ఎన్ఐఆర్ఎఫ్ పీడీఎఫ్‌లో ఎవరూ చూడని పేజీలు ఇంకో రెండున్నాయి. ఒకటి ఖర్చుల పట్టిక: లైబ్రరీకి ఎంత, జీతాలకు ఎంత, సెమినార్లకు ఎంత. ‘పరిశోధన మా ప్రాధాన్యం’ అన్న స్కూలు మూడేళ్లుగా లైబ్రరీకి పెట్టింది చూస్తే మాటెంత, మూటెంత తెలుస్తుంది. రెండోది అధ్యాపకుల జాబితా, చేరిన తేదీలతో సహా. సగం మంది ఈ మధ్యే చేరినవాళ్లైతే కారణం అడగడంలో తప్పులేదు. కొత్త కోర్సులు తెరిచి ఉండొచ్చు, పాతవాళ్లు నిలవక పోయి ఉండొచ్చు.

పాత హామీల సంగతి తేల్చడానికి ఇంకో చిట్కా. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని ‘వేబ్యాక్ మెషిన్’లో కాలేజీ సైట్ చిరునామా కొట్టండి. ఐదేళ్ల కిందటి పేజీ చాలాసార్లు దొరుకుతుంది. అప్పుడు రాసిన లక్ష్యాలు, ఇప్పటివి పక్కపక్కన పెట్టి చదవండి. అప్పుడు ‘త్వరలో’ అన్న ఇంక్యుబేషన్ సెంటర్ ఇప్పటికీ ‘త్వరలో’ అనే ఉంటే.. ఇక నేను చెప్పేదేముంది!

గేటు బయట ఉన్న సిలబస్

‘సమాజంపై ప్రభావం’ అన్న లక్ష్యాన్ని కొలవడం కష్టం అంటారు. ఈ ప్రాంతంలో మాత్రం అంత కష్టమేం కాదు. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి మండలాల రైతులు పూలు, కూరగాయలు పండిస్తారు. పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్తాయి. పండగ ముందు రోజు ధర ఒకటి, పండగ మర్నాడు ఇంకొకటి. ఈ ఒక్క విషయంలో ధర నిర్ణయం, సరఫరా, నిల్వ, రిస్కు.. ఎంబీఏ మొదటి ఏడాదిలో చదివేవన్నీ ఉన్నాయి.

జీవో 111 సంగతీ అంతే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహకాన్ని కాపాడేందుకు 1996లో 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో వాటిని ఎత్తేశారు. భూమి విలువ, నీరు, రైతు, రియల్ ఎస్టేట్, ప్రభుత్వం.. ఇంతకన్నా మంచి కేస్ స్టడీ ఎక్కడ దొరుకుతుంది? హార్వర్డ్ బిజినెస్ స్కూల్ కేసులతో పాఠం చెప్పడానికి పేరుపొందింది. అవి చదవాల్సిందే. కానీ గేటు బయట రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న సమస్య మీద విద్యార్థులతో ఒక్క ప్రాజెక్టయినా చేయించని స్కూలు, సమాజంపై ప్రభావం గురించి రాస్తే నమ్మడం నాకైతే కష్టం. ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడుగుతారా’ అన్నప్పుడు ఇదే అడగండి: గత ఏడాది విద్యార్థులు ఈ చుట్టుపక్కల ఏం ప్రాజెక్టులు చేశారు, చూడొచ్చా? ఇంటర్న్‌షిప్‌లు స్కూలే చూపించిందా, సొంతంగా వెతుక్కున్నారా అన్నది సీనియర్లను అడగండి. హాస్టల్ బయట చాయ్ దగ్గరైతే ఇంకా బాగా చెబుతారు.

పోల్చుకోవడానికి అటువైపు ఏముందో కూడా తెలిసుండాలి. గచ్చిబౌలిలో 2001లో మొదలైన ఐఎస్‌బీ ఉంది, కానీ అది ప్రధానంగా ఉద్యోగానుభవం ఉన్నవాళ్లకు. దగ్గర్లోనే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 1999లో ఏర్పడిన స్కూల్ ఆఫ్ మేనేజ్‌మెంట్ స్టడీస్ ఉంది. క్యాట్ స్కోరు కావాలి, ఫీజు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ. ఐసెట్ ద్వారా కన్వీనర్ కోటాలో వచ్చే సీట్లకు దారి వేరు. డీమ్డ్ యూనివర్సిటీలు సొంత పరీక్షలు పెట్టుకుంటాయి, ఐబీఎస్‌కు ఐబీశాట్ అలాంటిదే. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడేవాళ్లు డీమ్డ్‌లో దరఖాస్తు చేసే ముందే అది వర్తిస్తుందా లేదా అని రాతపూర్వకంగా తెలుసుకోండి. నోటిమాట వద్దు.

ఈ పనులన్నిటికీ ఒక ఆదివారం చాలు. కానీ సీటు కోసం అడ్వాన్సు కట్టకముందు చేయాలి. అప్పటికే కట్టేసి ఉంటే కంగారు పడొద్దు. యూజీసీ 2018 నోటిఫికేషన్ ప్రకారం ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే మానుకుంటే, కొద్దిపాటి ప్రాసెసింగ్ చార్జీ పోను ఫీజంతా వెనక్కివ్వాలి. ఆ తర్వాత 90, 80, 50 శాతం చొప్పున తగ్గుతూ, చివరి తేదీ దాటి 30 రోజులైతే ఏమీ రాదు. కొన్నేళ్లు యూజీసీ దీనికి ప్రత్యేక తేదీలూ ప్రకటించింది, మీ ఏడాదికి ఉన్నాయేమో చూసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర ఉంచేసుకోకూడదని కూడా అదే నోటిఫికేషన్‌లో ఉంది. ఆ పీడీఎఫ్ ఒకటి ఫోన్‌లో సేవ్ చేసుకుని వెళ్లండి, కౌంటర్ దగ్గర చూపించాల్సి రావొచ్చు.