సముద్రం అడుగున ఫోటోలు

పిల్లలూ! రక్తం ఏ రంగులో ఉంటుందని అడిగితే మీరు నవ్వుతారు. ఎరుపు అని చంటిపిల్లవాడు కూడా చెబుతాడు. కాని సముద్రంలో వంద అడుగుల లోతుకు దిగినవాడి వేలు ఏ రాతి అంచుకో గీసుకున్నదనుకోండి. కారే రక్తం అతనికి ఆకుపచ్చగా కనిపిస్తుంది! అతను పైకి వస్తున్న కొద్దీ అదే రక్తం గోధుమరంగుకూ, చివరకు ఎరుపుకూ తిరుగుతుంది.

ఇది ఇంద్రజాలం కాదు. సూర్యుడి వెలుగులో ఏడు రంగులున్నాయని మీరు చదువుకునే ఉంటారు. నీరు వాటిలో ఎరుపును అన్నిటికన్నా ముందు మింగేస్తుంది. ముప్పై అడుగుల లోతుకు పోయేసరికే ఎరుపు చాలావరకు పోతుంది. తరవాత నారింజ, పసుపు పోతాయి. చివరకు మిగిలేది నీలం. అందుచేత సముద్రం అడుగున ఉన్నవాటిని వాటి అసలు రంగుల్లో ఫోటో తీయాలంటే, వెలుగును కూడా వెంట తీసుకుపోవలసిందే.

నీళ్ళలోకి వెలుగును తీసుకుపోవటం ఎలా? ఈ చిక్కుతో మొదట కుస్తీపట్టిన వారిలో ఫ్రాన్సు దేశపు జీవశాస్త్రజ్ఞుడు లూయీ బూతాన్ ఒకడు. 1893లో ఆయన మధ్యధరా సముద్రతీరాన బాన్యూల్స్ అనే ఊళ్ళో పరిశోధన చేస్తున్నాడు. తలకు పెద్ద లోహపు టోపీ తగిలించుకుని, పడవ మీది నుంచి గొట్టం ద్వారా వచ్చే గాలి పీలుస్తూ, ఆయన సముద్రం అడుగుకు దిగేవాడు. అక్కడ చూసినదాన్ని పైనున్న వాళ్ళకు చూపించాలని ఆయన కోరిక.

ఆయన సోదరుడు ఒగూస్త్ సాయంతో కెమేరాకు ఒక రాగిపెట్టె తయారయింది. కాని సముద్రంలో ప్రతి 33 అడుగులకూ, మన నెత్తిన ఉన్న గాలి బరువంత ఒత్తిడి అదనంగా పెరుగుతుంది. ఆ ఒత్తిడికి నీరు ఏ సందునుంచైనా పెట్టెలోకి చొరబడుతుంది. బూతాన్ ఏం చేశాడు? పెట్టెకు గాలి నింపిన రబ్బరుతిత్తి ఒకటి తగిలించాడు. లోతుకు పోయిన కొద్దీ నీరు తిత్తిని నొక్కుతుంది, తిత్తిలోని గాలి పెట్టెలోకి పోతుంది. లోపలా బయటా ఒత్తిడి సమంగా ఉంటుంది. ఎంత సులువైన ఉపాయమో చూశారా!

ఆ వెలుతురులో ఒక్కొక్క ఫోటోకు అరగంట దాకా పట్టేది. రాళ్ళు అంతసేపు కదలకుండా ఉంటాయి గాని చేపలు ఉంటాయా? అందుకని బూతాన్ ఒక పెద్ద పీపా మీద సారాయి దీపం అమర్చి, దానికి గాజుకుండ బోర్లించాడు. రబ్బరుబుడ్డి నొక్కితే మెగ్నీషియం పొడి మంట మీద పడి భగ్గుమనేది. పీపాలోని గాలి దీపం ఆరకుండా చూసేది. నీటి అడుగున దీపం వెలిగించాడన్నమాట!

1926లో అమెరికాలోని ఫ్లారిడా తీరం వద్ద లాంగ్లీ అనే శాస్త్రజ్ఞుడు, మార్టిన్ అనే ఫోటోగ్రాఫరు కలిసి నీటి అడుగున చేపలకు మొదటి రంగు ఫోటోలు తీశారు. వాళ్ళు తెప్ప మీద మెగ్నీషియం పొడి పెట్టి పేల్చారు. ఒకసారి అది అదను తప్పి పేలి లాంగ్లీ ఒళ్ళు కాలింది కూడా. ఈనాడు మనం తేలికగా పేజీ తిప్పేసే బొమ్మల వెనక ఇంత కష్టం ఉన్నది.

1943లో ఫ్రాన్సులోనే కూస్తో, గన్యాన్ అనే ఇద్దరు వీపున గాలి సిలిండరు కట్టుకుని ఈదే సాధనం తయారుచేశారు. గొట్టం బాధ తప్పింది. ఇటువంటి సాధనాలతో ఈదటాన్నే స్కూబా డైవింగు అంటారు. సిలిండరులో ఉండేది సాధారణంగా మనం పీల్చే గాలే. దాన్ని కుక్కి కుక్కి నింపుతారు.

ఇప్పటి కెమేరాలు చిన్నవి, దీపాలు విద్యుత్తువి. అయినా నీటి స్వభావం మారలేదు. ఒక గాజుగ్లాసు నీళ్ళలో రెండు చుక్కల పాలు వేసి, చీకట్లో టార్చిలైటు వేసి చూడండి. నీళ్ళు తెల్లగా మెరిసి అవతలి వస్తువు సరిగా కనపడదు. సముద్రంలోని నలుసులూ ఇంతే చేస్తాయి. అందుకే ఫోటోగ్రాఫరు దీపాలను కెమేరాకు ఇరుపక్కలా దూరంగా పెట్టుకుని, చేపకు వీలైనంత దగ్గిరగా పోతాడు. కాని ఫోటో ధ్యాసలో పడి గాలి ఎంత మిగిలిందో చూసుకోవటం మరిచిపోకూడదు. ఊపిరి బిగబట్టి పైకి రాకూడదు. 33 అడుగుల లోతులో పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది, ఊపిరితిత్తులు చిట్లిపోగలవు. అందుకే ఒంటరిగా దిగకూడదంటారు.

ఇంత శ్రమ వేడుక కోసమేనా? కాదు. తిమింగలపు సొర సంగతి వినండి. చేపలన్నిటిలోకీ పెద్దది ఇదే. నలభై అడుగులు పెరిగినా మనిషి జోలికి రాదు. సముద్రంలోని సన్నని జీవులను వడగట్టుకు తింటుంది. దీని ఒంటినిండా తెల్లని చుక్కలుంటాయి. మన వేలిముద్రల లాగే ఒకదాని చుక్కలు మరొకదానికి ఉండవు. కాని వేల ఫోటోలలో చుక్కలను పోల్చేదెవరు?

ఖగోళశాస్త్రజ్ఞులు! ఆకాశపటాలలో నక్షత్రాలను పోల్చటానికి 1986లో ఎడ్వర్డ్ గ్రోత్ అనే ఆయన ఒక లెక్క కనిపెట్టాడు. నక్షత్రాలను మూడేసి చొప్పున కలిపి త్రికోణాలు గీసి పోల్చటమే ఆ లెక్క. దాన్నే 2005లో సొరచేప చుక్కలకు వాడి చూపించారు. ఇప్పుడు ఎవరో యాత్రికుడు తీసిన ఫోటోతో కూడా, ఫలానా చేప ఫలానా ఏడు ఎక్కడ ఉన్నదో తెలుసుకోవచ్చు. చేపను పట్టనక్కరలేదు, పొడవనక్కరలేదు.

2021 డిసెంబరులో విశాఖపట్నం దగ్గిర తంతడి ఒడ్డున ఒక తిమింగలపు సొర వలలో చిక్కింది. జాలరులూ అటవీశాఖవారూ కలిసి దాన్ని తిరిగి సముద్రంలోకి పంపారు. దాని ఫోటోలను పోల్చి చూడటానికి మాల్దీవులలోని పరిశోధకులకు పంపారు.

చూశారా, పిల్లలూ! వలలో చిక్కితే ఒక చేప ఒకసారే దొరుకుతుంది. ఫోటోలో చిక్కిన చేప మాత్రం బతికి ఉండి, మళ్ళీ మళ్ళీ తన కథ చెబుతూనే ఉంటుంది.