హార్లిక్స్ సీసాలో చక్కెర

రండర్రా, ఆ చాప ఇలా లాక్కోండి. మీ పిన్ని కాపురానికొచ్చిన కొత్తల్లో మాట. కాఫీ పెడదామని వంటింట్లోకెళ్లి, చక్కెర కోసం ఆరు డబ్బాలు తెరిచింది. చక్కెరేమో హార్లిక్స్ సీసాలో ఉందాయె! మీ నానమ్మకేం, కరెంటు పోయినా చెయ్యి తిన్నగా దాని మీదికే పోతుంది. “అదిగో, అక్కడ” అనబోతుంటే నేనే ఆగమని సైగ చేశాను. పిన్ని ముందు ఏ అర చూసింది, ఎక్కడ తటపటాయించింది అన్నది చూడాలని.

యూజబిలిటీ టెస్టింగ్ అంటే అచ్చం ఇదే. ఆన్‌లైన్ కోర్సు తయారుచేసిన మాస్టారికి ఏది ఎక్కడుందో తెలుసు. విద్యార్థులేమో కొత్త కోడళ్లు. ఒకణ్ణి కూర్చోబెట్టి, “రెండో పాఠం తెరిచి జవాబులు పంపు, మనసులో అనుకునేది పైకి అంటూ ఉండు” అని చెప్పి, మనం నోరు కట్టుకుని చూడాలి.

అయితే విద్యార్థులందరూ ఒక్కలా ఉండరు. మన వెనక వీధిలో డిగ్రీ చదివే అబ్బాయికి చూపు లేదు కదా. తెర మీదున్నది వాడికి ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ చదివి వినిపిస్తుంది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ మొదలుపెట్టాడు దాన్ని, తర్వాత జేమ్స్ టే తోడయ్యాడు. ఇద్దరికీ చూపు లేదు. అయినా లోకానికంతా ఉచితంగా ఇచ్చేశారు! నాకెంత ముచ్చటేస్తుందో.

ఓరోజు వాడి పక్కన కూర్చుని విన్నాను. పాఠంలో గుండె బొమ్మ వచ్చింది. బొమ్మ వెనక మాటల్లో వివరం రాసిపెట్టలేదు, ఎన్‌వీడీఏ “గ్రాఫిక్” అని ఊరుకుంది. కింద “బటన్, బటన్, బటన్”. దేనికీ పేరు లేదు. వీడియోలో మాస్టారు “రక్తం ఇక్కణ్నుంచి ఇక్కడికి వెళ్తుంది” అన్నారు. ఎక్కణ్నుంచి? “కుడి గదిలోంచి ఊపిరితిత్తులకి” అంటే వాడికీ గుండె కనిపించేదిరా. వినపడని పిల్లకి బొమ్మతో చిక్కులేదు, మాటలు తెర మీద అక్షరాలుగా పడాలి. చేతులు వణికేవాడు మౌస్ పట్టలేడు, వాడికి పనంతా కీబోర్డుతోనే అయిపోవాలి.

అయిదుగురితో పరీక్షిస్తే చిక్కులు చాలామట్టుకు బయటపడతాయని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. నిజమే, కానీ వాడేవాళ్లు రకరకాలైతే ప్రతి రకంలోనూ కొందరిని పిలవాలి. అయిదుగురూ గుంటూరు వాళ్లయితే ఆవకాయలో కారం ఎక్కువైందని ఎవరంటారు? దొరికిన చిక్కు సరిచేసి మళ్లీ కొత్తవాళ్లని కూర్చోబెట్టాలి.

అన్నట్టు, పిన్ని చక్కెర వెతుక్కున్న ఆ సాయంత్రమే నానమ్మ సీసాకి “చక్కెర” అని కాగితం అంటించింది. మీ తాతమ్మకి అప్పటికే చూపు ఆనేది కాదు. కాసేపాగి, ఆవిడ కోసం నానమ్మ సీసా మెడకి ఓ రబ్బరు బ్యాండు కూడా చుట్టింది.