కౌమారమున జారు తుంటి ఎముక

పన్నెండు పదమూడేండ్ల బాలుడొకడు, వయస్సుకు మించిన బరువు గలవాడు, కొన్ని వారములుగా కుంటుచున్నాడనుకొందము. నొప్పి ఎక్కడ అని అడిగినచో మోకాలు చూపును. మోకాలికి ఎక్స్‌రే తీసిన దోషమేమియు కనిపించదు. తైలము రాసికొని నాలుగు దినములు ఆటలు మానుమని చెప్పి పంపుదురు. ఇట్టి పిల్లలలో కొందరికి వ్యాధి మోకాలిలో లేదు, తుంటిలో నున్నది. ఈ రెండు కీళ్లకును ఒకే నరముల శాఖలు పోవుటచే తుంటి బాధ మోకాలి బాధగా తోచును.

తొడ ఎముక పైకొన బంతివలె గుండ్రముగా నుండి, కటి ఎముకలోని గిన్నెవంటి గుంటలో అమరియుండును. ఎదుగు వయస్సులో ఈ బంతికిని దాని క్రింది మెడకును నడుమ మృదులాస్థి పలక యొకటి ఉండును. పెరుగుదల ముగిసిన పిదప ఆ పలక గట్టి ఎముకగా మారిపోవును. యుక్తవయస్సు తొలిదశలో శరీరము వేగముగా పెరుగునపుడు పలక మందమై, బలము తగ్గియుండును; దానిపై బరువు హెచ్చునదియు అప్పుడే. అతుకు సడలి మెడ ముందునకును పైకిని జరుగును. దీనికి వైద్యులు ‘స్లిప్డ్ కాపిటల్ ఫెమొరల్ ఎపిఫిసిస్’ అని పేరిడిరి. అనగా జారిన ఎముక తల. నిజమునకు తల గుంటలోనే నిలిచియుండును, జారునది మెడ!

ఇది ఎవరికి వచ్చును? ఎపిడెమియాలజీ అనగానే మనకు కలరా, మశూచి స్ఫురించును. కాని ఏ వ్యాధి ఎంతమందికి, ఏ వయస్సున, ఏ ప్రాంతమున వచ్చుచున్నదో లెక్కించి కారణములను వెదకు ఆ శాస్త్రము అంటువ్యాధులకే పరిమితము కాదు. అమెరికాలో 1997, 2000 సంవత్సరముల ఆసుపత్రి లెక్కలను బట్టి, 9 మొదలు 16 ఏండ్ల వయస్సు గల పిల్లలలో లక్షకు సుమారు 11 మందికి ఏటా ఈ వ్యాధి కనిపించెను. బాలురలో లక్షకు 13, బాలికలలో 8. సగటు వయస్సు బాలురకు 12.7 ఏండ్లు, బాలికలకు 11.2 ఏండ్లు. బాలికలు ముందుగా ఎదుగుదురు గనుక వారికి ముందుగా వచ్చుట సహజమే. రజస్వలయైన పిదప ఇది అరుదు.

1996లో ప్రకటింపబడిన ఒక అంతర్జాతీయ పరిశీలన మరింత ఆసక్తికరమైనది. అందులో 1,630 మంది పిల్లల వివరములు చేర్చబడెను. ఒకే వయస్సు పిల్లలు నూర్గురిని బరువును బట్టి వరుసగా నిలిపినచో, మిక్కిలి బరువైనవారి కొసన పదిమంది ఉందురు గదా. వ్యాధికి బరువుతో సంబంధమే లేనిచో రోగులలోను నూటికి పదిమందియే అట్టివారు ఉండవలెను. కాని నూటికి 63 మంది ఉండిరి. ఉపాధ్యాయులు గణితపు తరగతిలో చెప్పదగిన ఉదాహరణ ఇది.

జాతులను బట్టియు తేడా కనిపించెను. శ్వేతజాతి పిల్లల లెక్కను 1 అనుకొన్నచో, పసిఫిక్ దీవుల పాలినీషియన్లలో అది 4.5, భారతీయులు చేరిన వర్గములో 0.1 మాత్రమే. దీనిని చూచి ఇది మన రక్తములోని రక్షణయని ఎవరైన సంతోషింతురేమో. స్కాట్లండు లెక్క ఆ సంతోషమునకు అడ్డు వచ్చును. అచ్చట 1981లో లక్షకు 3.78గా నున్న సంఖ్య 2000 నాటికి 9.66 అయ్యెను. ఇరువది ఏండ్లలో ఒక జనము యొక్క వంశలక్షణములు మారవు. మారినది పిల్లల బరువు. ఆ దేశమందే సుమారు ఆరు లక్షల పిల్లల కొలతలను పరిశీలించి 2018లో ప్రకటించిన ఫలితములలో, 11–12 ఏండ్లకు తీవ్ర స్థూలకాయులైనవారికి ఈ ముప్పు సాధారణ బరువు గలవారికంటె 17 రెట్లని తేలెను. నేడు మన నగరముల పాఠశాలలలో స్థూలకాయులగు పిల్లలు అరుదు కారు.

అయినను బరువొక్కటే కారణమనుట తొందరపాటు. థైరాయిడ్ స్రావము తక్కువైనవారికి, మూత్రపిండములు చెడినవారికి, సన్నని పిల్లలకు కూడ ఇది రావచ్చును. ‘డి’ విటమిను లోపముతో కలిసి వచ్చిన 15 మంది రోగుల వివరములను వేలూరు వైద్యులు 2013లో ప్రకటించిరి. వయస్సు పదేండ్లకు తక్కువైనను, పదునారు దాటినను వైద్యుడు ఇట్టి కారణములను వెదకును.

ఇందు ఆలస్యము ఎంత నష్టకరమో 1993లో వెలువడిన చిన్న పరిశీలన చూపును. అందులోని 55 తుంటులలో 25 రోగి కుంటుచునైనను నడువగల దశలో ఉండెను. వానిలో ఒక్కదానికిని ఎముక తలకు రక్తప్రసారము ఆగలేదు. కర్రల సాయముతోనైనను అడుగు వేయలేని దశకు వచ్చినవి 30. వానిలో 14 తుంటులకు రక్తప్రసారము నశించి ఎముక చచ్చెను. మొదటి దశనుండి రెండవ దశకు పోవుటకు ఒక గెంతు, ఒక పడిపాటు చాలును. పాదము బయటికి తిప్పి కుంటుచు నడుచు విద్యార్థిని డ్రిల్లు మాస్టరు సోమరియని తలచి పరుగెత్తించుటలోని ప్రమాదమిదే. అట్టివానిని నడిపింపక వైద్యుని యొద్దకు చేర్చి, మోకాలితోపాటు రెండు తుంటులకును, ప్రక్కనుండి కూడ, ఎక్స్‌రే తీయుమని అడుగవలెను.

చికిత్స సాధారణముగా ఒక మర. బంతిని మెడకు బిగించి మరింత జారకుండ ఆపుదురు. ఒక తుంటి జారినవారిలో చాలమందికి రెండవది కూడ జారును. అది సాధారణముగా ఏడాదిన్నర లోపలనే జరుగును. అందుచేత మొదటి తుంటి బాగుపడినను, పలకలు మూసికొనువరకు రెండవదానిని వైద్యులు పరీక్షించుచునే యుందురు.