బెల్లానికి రంగు – చర్మానికి రంగు

పిల్లలూ! మీరెప్పుడైనా మా అనకాపల్లి బెల్లం మార్కెట్టు చూశారా? చెరకు గానుగలు ఆడే రోజుల్లో వచ్చి చూడండి. బెల్లం దిమ్మలు వరసలుగా పేర్చి ఉంటాయి. కొన్ని పసుపుపచ్చగా మెరుస్తూ ఉంటాయి, కొన్ని ముదురు గోధుమ రంగులో ఉంటాయి. కొనేవాడి చూపు ముందు రంగు మీదే పడుతుంది. లేతరంగు దిమ్మకు మంచి ధర పలుకుతుంది.

అందుకని కొందరు మరిగే పాకంలో ‘హైడ్రోస్’ చల్లుతారు. దీని రసాయన నామం సోడియం హైడ్రోసల్ఫైట్. ఇది క్షయకరణి. పాకంలోని రంగు పదార్థాలను క్షయకరణం చేసి వాటి రంగును పోగొడుతుంది. దిమ్మ పచ్చగా నిగనిగలాడుతుంది. అయితే నిల్వ ఉంచినకొద్దీ ఆ బెల్లం మళ్ళీ నల్లబడుతుంది. తీపి రవ్వంత కూడా పెరగదు. పైగా గంధకపు సమ్మేళనాలు కొంత మన కడుపులోకి చేరతాయి.

చర్మం గురించి చెబుతానని బెల్లం గురించి చెబుతున్నానేమిటి అనుకుంటున్నారా? కారణం ఉంది. మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి కొన్నాళ్ళుగా చివరి బెంచీలో తలవంచుకొని కూర్చుంటోంది. ముఖమంతా ఎర్రగా కంది ఉంది. “ఏమమ్మా, ఏమయింది?” అని అడిగాను. “ఎండలోకి వెళితే మంట మాస్టారూ! క్రీము మానేస్తే ఇంకా ఎక్కువవుతోంది” అంది. మర్నాడు ఆ ట్యూబు తెచ్చి చూపించింది. తెల్లబడతావని చుట్టాలావిడ ఎవరో చెప్పి కొనిపెట్టిందట. సన్నని అక్షరాలు భూతద్దంతో చదివాను. అందులో ‘క్లోబెటసోల్’ అని ఉంది. అది చాలా బలమైన స్టిరాయిడ్ మందు!

చర్మం గోడ వంటిది

పెద్దవాళ్ళ చర్మాన్ని విప్పి పరిస్తే దాదాపు 2 చదరపు మీటర్లు, అంటే ఒక చాపంత ఉంటుంది. దాని పై పొర బాహ్యచర్మం. ఈ పొర అడుగున కొత్త కణాలు నిరంతరం పుడుతూ మెల్లగా పైకి జరుగుతాయి. పైకి చేరేసరికి అవి చనిపోయి బల్లపరుపుగా అయి, చివరికి రాలిపోతాయి. ఈ ప్రయాణానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. పైనున్న మృతకణాలు ఇటుకలయితే, వాటి మధ్యనున్న కొవ్వు పదార్థం సిమెంటు వంటిది. లోపలి నీరు ఆవిరి కాకుండా, బయటి క్రిములు లోపలికి రాకుండా ఈ గోడే కాపలా కాస్తుంది.

చర్మం ఉపరితలానికి కొద్దిగా ఆమ్ల గుణం ఉంటుంది. దాని పి.హెచ్. విలువ దాదాపు 5. స్నానపు సబ్బుకు 9 లేక 10 ఉంటుంది, అంటే క్షారం. దీన్ని మీరే పరీక్షించవచ్చు.

చేసి చూడండి: పసుపు నీళ్ళలో కలిపి తెల్లకాగితం మీద పూసి ఆరబెట్టండి. దాని మీద సబ్బునీటి చుక్క వేయండి. పసుపు కాస్తా ఎర్రగా మారుతుంది. పసుపులో సున్నం కలిపి అమ్మ పారాణి చేసేటప్పుడు జరిగేది కూడా ఇదే. ఇప్పుడు ఆ మచ్చ మీద నిమ్మరసం చుక్క వేయండి. మళ్ళీ పసుపు రంగు వస్తుంది.

సబ్బు మురికితో పాటు కొవ్వు సిమెంటును కూడా కొంత కడిగేస్తుంది. అందుకే ఎక్కువగా రుద్దితే చర్మం బిగుసుకుపోయి, పొట్టు లేస్తుంది.

మూడు పనులు చాలు

ఏ వయసు వారికైనా రోజూ చేయవలసిన పనులు మూడే.

ఒకటి, కడగడం. పొద్దున, రాత్రి, బాగా చెమట పట్టినప్పుడు ముఖం కడుక్కోండి. సబ్బు నురగను చేతితో మెల్లగా రాస్తే చాలు. చంకలకు, గజ్జలకు, పాదాలకు సబ్బు అవసరం. కాళ్ళకు, చేతులకు చాలా రోజులు నీళ్ళే సరిపోతాయి. సున్నిపిండి వాడవచ్చు గాని, గరుకుగా తోమకూడదు.

రెండు, తేమ నిలపడం. నూనె తనంతట తాను తేమ ఇవ్వదు, ఉన్న తేమను ఆవిరి కానివ్వదు. కనుక స్నానమయిన కొద్ది నిమిషాల్లోనే, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే, కొబ్బరినూనె గాని వాసెలిన్ గాని పలచగా రాయాలి.

మూడు, ఎండ నుండి కాపు. సూర్యుని అతినీలలోహిత కిరణాలు పదింటి నుండి నాలుగింటి దాకా తీవ్రంగా ఉంటాయి. గొడుగు, టోపీ, పొడుగు చేతుల చొక్కా మంచి రక్షణ. చాలాసేపు ఎండలో ఉండవలసి వస్తే ఎస్.పి.ఎఫ్. 30 ఉన్న సన్‌స్క్రీన్ రాసుకొని, రెండు గంటలకొకసారి మళ్ళీ రాయాలి.

ఇంట్లో ఎవరికేది?

పసిపాప చర్మం పలచన. పాపను పిండితో గట్టిగా నలిచి రుద్దవద్దని అమ్మకు చెప్పండి. ఆరు నెలల లోపు పిల్లలకు నీడే సన్‌స్క్రీన్.

ఇక మీ సంగతి. పన్నెండు, పదమూడేళ్ళు వచ్చేసరికి హార్మోన్ల ప్రభావంవల్ల తైలగ్రంథులు చురుకుగా పనిచేస్తాయి. వాటి నాళాలు మూసుకుపోయి మొటిమలు వస్తాయి. ఇవి మురికివల్ల వచ్చేవి కావు. పదిసార్లు కడిగితే పోవు, గిల్లితే మచ్చలు పడతాయి. మొటిమలున్నవారు ముఖానికి కొబ్బరినూనె రాయకండి. తలనూనె నుదుటి మీదికి కారనివ్వకండి.

పొలంలో పనిచేసే నాన్నకు పగిలిన మడమలకు రాత్రిపూట వాసెలిన్ మేలు చేస్తుంది. తాతయ్యకు, అమ్మమ్మకు తైలగ్రంథుల పని తగ్గి చలికాలం దురద పుడుతుంది. వారికి సబ్బు తగ్గాలి, నూనె పెరగాలి. చక్కెరవ్యాధి ఉంటే రోజూ పాదాలు పరీక్షించి చూడటం మీ బాధ్యతగా పెట్టుకోండి.

మన చెరకులో గ్లైకాలిక్ ఆమ్లం ఉంటుంది. ఇటువంటి ఆమ్లాలు మృతకణాలను వదులు చేస్తాయని 1974లో వాన్ స్కాట్, యూ అనే శాస్త్రవేత్తలు ప్రకటించారు. అలాగని చెరకురసం ముఖానికి పూసుకోకండి. ఈగలు తప్ప మరేమీ రావు! నిమ్మరసం పూసి ఎండలోకి వెళితే చర్మం కాలినట్టు మచ్చలు పడవచ్చు. వంటసోడా, పళ్ళపేస్టు కూడా ముఖానికి పనికిరావు.

ట్యూబులో ఏముంది?

హైడ్రోకార్టిసోన్ పైపూతగా పనిచేస్తుందని 1952లో సల్జ్‌బర్గర్, విట్టెన్ అనే అమెరికన్ వైద్యులు చూపించారు. ఎన్నో చర్మవ్యాధులకు అది వరమయింది. తరవాత దానికంటే ఎంతో బలమైన స్టిరాయిడ్లు వచ్చాయి. వైద్యుడు చెప్పినన్ని రోజులు వాడితే ఇవి మందులే. తెల్లబడటానికి రాసుకుంటే మాత్రం కథ వేరు. స్టిరాయిడ్ రక్తనాళాలను కుదిస్తుంది. ముఖం కొన్నాళ్ళు తెల్లగా, నునుపుగా కనిపిస్తుంది. లోలోపల చర్మం పలచబడుతుంది. నాళాలు ఎర్రని గీతల్లా బయటపడతాయి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. మానితే మంట రెట్టింపవుతుంది. తామర మీద రాస్తే దురద తగ్గినట్టుంటుంది గాని శిలీంధ్రం ఇంకా విస్తరిస్తుంది.

2018లో భారత ప్రభుత్వం ఇటువంటి స్టిరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలో చేర్చింది. కనుక ట్యూబు మీద బెటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ అన్న పేర్లుంటే డాక్టరు చెప్పనిదే ముట్టకండి. పేర్లే లేని క్రీము మరీ ప్రమాదం. కొన్నిటిలో పాదరసం ఉంటుంది, అది మూత్రపిండాలను పాడుచేస్తుంది. మన 2020 నిబంధనల ప్రకారం ముఖానికి పూసే క్రీములో పొరపాటున కలిసినా సరే, పది లక్షల భాగాల్లో ఒక భాగానికి మించి పాదరసం ఉండకూడదు.

నలుపు లోపమా?

కాదు. మెలనిన్ తయారుచేసే కణాలు తెల్లవారికీ నల్లవారికీ ఇంచుమించు ఒకే సంఖ్యలో ఉంటాయి. అవి తయారుచేసే మెలనిన్ పరిమాణంలో, రకంలోనే తేడా. మెలనిన్ అతినీలలోహిత కిరణాలను పీల్చుకొని కణకేంద్రకంలోని డి.ఎన్.ఏ.ను కాపాడుతుంది. మన ఎండకు ప్రకృతి పట్టిన గొడుగు అది. ఆ గొడుగును చింపుకోవడానికి డబ్బు ఖర్చు పెట్టడం తెలివైన పనేనా?

మా విద్యార్థినిని చర్మవ్యాధుల డాక్టరుకు చూపించాము. క్రీమును ఎలా మానాలో ఆయనే దగ్గరుండి చెప్పారు. కోలుకోవడానికి కొన్ని నెలలు పట్టింది. ఇప్పుడు ముందు బెంచీలో కూర్చుంటోంది. పసుపు కాగితం ప్రయోగం తరగతికి చేసి చూపించింది కూడా ఆ అమ్మాయే.

ఇవాళ సాయంత్రం ఇంట్లో ఉన్న క్రీము ట్యూబులన్నీ బయటికి తీసి, వాటి మీద ఉన్న పేర్లు నోటుపుస్తకంలో రాయండి. పైన చెప్పిన పేర్లు కనిపిస్తే పెద్దలకు చూపించండి.